దోమలన్నీ చావకపోయినా మలేరియా తగ్గుతుందా?

గుణుపురం లెక్కల మాస్టారు:
మాది రాయగడ జిల్లా. నిరుడు వానాకాలంలో మా చిన్నవాడికి ఫాల్సిపేరం అనే ప్రమాదకరమైన రకం మలేరియా వచ్చింది. వాడి వణుకుకు మంచం కిర్రుమన్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఈమధ్య మందు దోమతెరలు పంచితే, మా పెదనాన్న తన తెరను వడ్ల బస్తాల మీద కప్పారు. "గెడ్డ నిండా దోమలే నాయనా, ఒక్క తెర ఎన్నిటిని చంపుతుంది?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. దోమలు సగమైతే జబ్బు కూడా సగమే తగ్గుతుందా?

సిరొంచ నుంచి, పాత మలేరియా ఉద్యోగి:
మాస్టారూ, 1897లో సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాస్ అనే డాక్టరే తర్వాత సమీకరణాలు రాసి, దోమలు ఒక హద్దు కిందికి దిగితే చాలని తేల్చారు. అసలు కీలకాన్ని 1950లలో మలేరియా పరిశోధకుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ పట్టుకున్నారు: దోమ ఆయుష్షు. రోగిని కుట్టాక పరాన్నజీవి దోమలో ముదరడానికి సుమారు 10 రోజులు కావాలి. ఒక రోజు గడిచేసరికి బతికి ఉండే అవకాశం 0.9 అయితే, పది రోజులు దాటేవి నూటికి 35. అది 0.8కి పడితే 11. ఆ తర్వాత అవి బతికే రోజులూ సగానికి పైగా తగ్గుతాయి. రెండూ కలిస్తే ఒక రోగి నుంచి కొత్తగా సోకేవారు దాదాపు ఏడో వంతే. దోమల సంఖ్యను సగం చేస్తే మాత్రం సగమే తగ్గుతుంది. తెర మీద వాలిన దోమకు మందు తగిలి ఆయుష్షు తగ్గుతుంది. ఊరంతా కట్టుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

కొరాపుట్ నుంచి, నర్సు:
కాటు రెండుసార్లు లెక్కకు వస్తుందని కూడా చెప్పండి: జబ్బు తీసుకునేటప్పుడు ఒకటి, ఇచ్చేటప్పుడు ఒకటి. ఒక్కో దోమ మనుషుల్ని కుట్టే కాట్లు సగమైతే వ్యాప్తి పావు వంతుకు పడుతుంది. కానీ ఆ సమీకరణం అందరినీ దోమ ఒకేలా కుడుతుందని అనుకుంటుంది. మా కొండవాగుల్లో పెరిగే ఫ్లువియాటిలిస్ అనే రకం దోమకు మనిషి రక్తమే ఇష్టం. పోడు కాపలాకు గుడిసెలో పడుకునేవారికి తెర ఉందా, మాస్టారూ? ఉతికిన తెరను ఎండలో ఆరేయవద్దనీ చెప్పండి, మందు పోతుంది.

గుణుపురం లెక్కల మాస్టారు:
0.8ని పదిసార్లు పిల్లల చేత గుణింపజేశాను. నల్లబల్ల మీద 0.107 వచ్చింది. దాన్ని చూపించి చెబితే పెదనాన్న బస్తాల మీది తెర దులిపి తెచ్చారు. మీరన్నది నిజమే అమ్మా, ఆయన పడుకునేది కంది చేను మంచె మీద. అక్కడ తెర ఎలా కట్టాలి?

కొరాపుట్ నుంచి, నర్సు:
నాలుగు మూలలా వెదురు కర్రలు నిలబెట్టి కట్టండి. అంచు చాప కిందికి మడవాలి. చీకటి పడకముందే.