డ్యాష్‌బోర్డు యాప్‌లో టెంపరేచర్ గేజ్‌ని తీసేయనివ్వాలా, వద్దా?

హోస్‌కోటె_కోడర్:
నేనూ మా బావమరిదీ కలిసి ఆర్నెల్లుగా కారు ఇంజిన్ రీడింగులు చూపించే యాప్ ఒకటి రాస్తున్నాం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి (మెకానిక్ ఇంజిన్ పరీక్షకి వైరు గుచ్చే చోటు) బ్లూటూత్ అడాప్టర్ గుచ్చితే ఆర్‌పీఎం, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) వేడి, టర్బో ప్రెషర్ అన్నీ పాత టాబ్లెట్‌లో కనిపిస్తాయి. ఏ గేజ్ ఎక్కడుండాలో, ఎంత పెద్దగా, ఏ రంగులో ఉండాలో వాడేవాళ్ల ఇష్టం. వేలితో లాగి పెట్టుకోవడమే.

గొడవ ఒక్కచోట వచ్చింది. కూలెంట్ గేజ్‌ని కూడా పూర్తిగా తీసేయనివ్వాలి, దాటితే అలారం మోగే ఎర్ర గీత ఎన్ని డిగ్రీల దగ్గరుండాలో కూడా వాళ్లకే వదిలేయాలి అంటాను నేను. దానికి మాత్రం తాళం వేసే ఉంచాలి అంటాడు వాడు. బెంగళూరు కేఆర్ పురం బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో గంటసేపు వాదించుకున్నా తేలలేదు. మీరేమంటారు?

పాతడీజిల్:
తీసేసుకోనివ్వండి. వాళ్ల కారు, వాళ్ల టాబ్లెట్. అయినా కార్ల కంపెనీలు మనకి చూపించేదేముంది? ఇప్పుడు చాలా చిన్న కార్లలో వేడి ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, కొంప మునిగాక ఎర్ర దీపం. ముల్లున్న కార్లలోనూ ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా అది మధ్యలోనే కదలకుండా నిలబడేలా చేస్తారు. ముల్లు ఊగితే జనం టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తుతారని.

ఘాట్‌రోడ్డు:
మా అబ్బాయి నా కారులో ఇలాంటిదే ఏదో యాప్ పెట్టాడు. స్పీడు, టర్బో, ఇంకేవో నీలం రంగు వలయాలు. చూడ్డానికి విమానంలా ఉంది. కూలెంట్ గేజ్ అందం చెడగొడుతోందని తీసేశాడట, నాకు చెప్పలేదు. మే నెలలో చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతున్నాం. ఏసీ ఫుల్లు, వెనక సీటులో మామిడికాయల బుట్టలు. బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చాక గానీ తెలియలేదు. హోస్ పైపు చిట్లింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. బిల్లు సంగతి అడక్కండి. మీ బావమరిది మాటే వినండి నాయనా.

వైట్‌ఫీల్డ్_ఎంబెడెడ్:
ఘాట్‌రోడ్డు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ రోజు గేజ్ ఉన్నా మిమ్మల్ని కాపాడేదని గట్టిగా చెప్పలేం. నీళ్లన్నీ కారిపోయాక సెన్సర్ చుట్టూ కూలెంట్ ఉండదు, ఆవిరో గాలో ఉంటుంది. అప్పుడది అసలు వేడి కన్నా తక్కువ చూపించవచ్చు. అంకె దిగుతోంది కదా అని మనం ఇంకా తొక్కుతాం.

నన్నడిగితే అందరూ గేజ్ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. ఇలాంటి యాప్‌లో అసలు కథ అడగడంలో ఉంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, తనంతట తాను ఏదీ చెప్పదు. ఒక్కో రీడింగ్‌కి మనం ప్రశ్న పంపాలి, అది జవాబివ్వాలి. కే-లైన్ అనే నెమ్మది వైరు మీద మాట్లాడే పాత కార్లలో సెకనుకి పది జవాబులు కూడా దాటవు. ఎవరైనా సరదాకి పన్నెండు గేజ్‌లు పరిచేశారనుకోండి, అన్నింటినీ వరసగా అడుగుతూ పోతే ఆర్‌పీఎం ముల్లు ఒకటి రెండు సెకన్లకోసారి గెంతుతుంది. క్యాన్ బస్ అనే వేగమైన వైరింగ్ ఉన్న కొత్త కార్లలో ఒకే ప్రశ్నలో ఆరు రీడింగులు అడగవచ్చు, కానీ నకిలీ అడాప్టర్లలో కొన్ని దాన్ని సరిగా అందుకోలేవు. ఆ నకిలీలు కాపీ కొట్టిన ఈఎల్ఎమ్ 327 అనే అసలు చిప్ చేసిన కెనడా కంపెనీ 2022లోనే మూతపడింది. కాబట్టి ఆర్‌పీఎంని పదేపదే అడగండి. కూలెంట్‌ని మూడు సెకన్లకోసారి అడిగితే చాలు, అది అంతకన్నా వేగంగా మారదు. తెర మీద గేజ్ ఉన్నా లేకపోయినా ఆ ఒక్క ప్రశ్న మాత్రం వెనకాల నడుస్తూనే ఉండాలి.

గేజ్ తీసేయడం కన్నా నాకు భయం వేసేది ఇంకొకటి ఉంది. బ్లూటూత్ తెగిపోతే ముల్లు చివరి అంకె దగ్గరే ఆగిపోవడం. 92 డిగ్రీలు అని హాయిగా చూపిస్తూ ఉంటుంది, అది పది నిమిషాల కిందటి 92! జవాబు ఆగిన వెంటనే గేజ్ మొత్తం బూడిద రంగులోకి మారిపోవాలి. ఆ రంగు మార్చుకునే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

హోస్‌కోటె_కోడర్:
ఆ ముల్లు ఆగిపోయే తప్పు మా దాంట్లో ఉంది. రాత్రికే సరిచేస్తాం. ఇంకో సందేహం. టర్బో గేజ్ బండి ఆఫ్‌లో, తాళం మాత్రమే తిప్పినప్పుడు మైనస్ 10 చూపిస్తోంది. సెన్సర్ పాడైందా?

వైట్‌ఫీల్డ్_ఎంబెడెడ్:
సెన్సర్ బాగానే ఉంది, మీ లెక్కే చెన్నైలో ఉంది. మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ప్రెషర్ నుంచి 101 కిలోపాస్కల్ తీసేస్తున్నారు కదూ? అది సముద్రమట్టం అంకె. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి 91 దగ్గరే. బయటి గాలి ఒత్తిడికి ఓబీడీలో వేరే రీడింగ్ ఉంది, కారు ఇస్తుంటే అది వాడండి. ఇవ్వకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయకముందు మ్యానిఫోల్డ్ అంకెనే సున్నాగా పట్టుకోండి. ఏ కారు ఏమేమి ఇస్తుందో మొదట్లోనే అడిగితే చెప్పేస్తుంది. లేని గేజ్‌లని మెనూలో చూపించకండి.

పాతడీజిల్:
అమ్మా, నువ్వు చెప్పింది ఒప్పుకుంటా. వెనకాల అడుగుతూ ఉండనీ. కానీ ఎర్ర గీత సంగతి? 100 దాటితే అరిచేలా తాళం వేస్తే నా బండి రోజూ అరుస్తుంది. ప్రెషర్ క్యాప్ ఉన్న రేడియేటర్‌లో నీళ్లు వందకి మరగవు. సిల్క్ బోర్డు దగ్గర నిలబడితే నా బండి 103 దాకా వెళ్తుంది, ఫ్యాన్ తిరగ్గానే 95కి దిగుతుంది. ఎనిమిదేళ్లుగా ఇంతే. ఉత్తపుణ్యానికి అరిచే అలారం నాకొద్దు. అలవాటైపోయి అసలు రోజున కూడా నోరు మూయిస్తాను.

ఘాట్‌రోడ్డు:
అదీ నిజమే. మా ఇంట్లో గ్యాస్ లీక్ అలారం తాలింపు పెట్టినప్పుడల్లా మోగేది. ఇప్పుడు బీరువాలో ఉంది.

హోస్‌కోటె_కోడర్:
సరే, మా బావమరిదితో మాట్లాడాను. గేజ్ తీసేసుకోవచ్చు, అడగడం మాత్రం ఆగదు. గీత ముందే పెట్టం. మొదటి వారం రోజులు ఆ బండి మామూలుగా ఎంత దాకా వెళ్తుందో చూసి, దానికి కొన్ని డిగ్రీలు పైన గీస్తాం. దించుకోవడం వాళ్లిష్టం. పైకి జరపాలంటే మాత్రం బండి ఆగి ఉండాలి. ఈ చివరిది వాడి పట్టుదల, నాకింకా నచ్చలేదు.

కే-లైన్ బండి మీద ఒకసారి చూసుకోవాలి. ఎవరి దగ్గరైనా పాతది ఉందా?

పాతడీజిల్:
నాది 2011 బండి, ఆదివారం జేసీ రోడ్డుకి తెస్తాను. కానీ పని అయ్యాక మీ అడాప్టర్ పీక్కుని వెళ్లండి. ఆ పోర్టులో పదహారో పిన్నుకి తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. పోయిన సంక్రాంతికి ఒకటి అలాగే వదిలేసి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి హారన్ కూడా మోగలేదు.