మూడు నెలల కోర్సుతో వెల్డర్ తయారవుతాడా?

కొలిమి (చర్చ మొదలుపెట్టినవారు)

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదికలో ఒక లెక్క ఉంది. 2022లో మన యువతలో డిగ్రీ ఉన్నవాళ్లలో 29.1 శాతం నిరుద్యోగులు. చదవడం, రాయడం రానివాళ్లలో 3.4 శాతమే. డిగ్రీల వెంట పడకుండా చేతిపని నేర్పిస్తే సగం సమస్య తీరుతుందని నా వాదన. ఐటీఐలో వెల్డర్‌కు ఏడాది, ఎలక్ట్రీషియన్‌కు రెండేళ్లు. ఇల్లు గడవని పిల్లలు అన్నాళ్లు ఆగలేరు. 2015 నుంచి కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నడుస్తున్న మూణ్నాలుగు నెలల కోర్సులే వాళ్లకు దారి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రాడ్డు_బూత్

కొలిమి గారూ, నెలలు కాదు, ఆర్క్ (రాడ్డు కొసన లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) వెలిగిన గంటలు లెక్కపెట్టండి. 400 గంటల కోర్సులో 250 గంటలు ప్రాక్టికల్ అనుకుందాం. 30 మంది పిల్లలు, 6 వెల్డింగ్ బూత్‌లు. మనిషికి వచ్చేది 50 గంటలు. అందులో ప్లేటు కోయడం, అంచు గ్రైండింగ్, ట్యాకింగ్ (ముక్కలను చుక్క వెల్డులతో నిలపడం), స్లాగ్ (వెల్డు మీద పేరుకునే పెంకు) కొట్టడం, బ్రష్ వేయడం పోగా రాడ్డు కాలేది మూడో వంతు, అంటే 16 గంటలు. 3.15 ఎంఎం రాడ్డు నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. ఆ 16 గంటలకు ఒక్కొక్కరికి తక్కువలో తక్కువ 640 రాడ్లు కావాలి. శిక్షణ కేంద్రం మనిషికి వంద రాడ్లే కొంటే ఆర్క్ రెండున్నర గంటలు దాటదు, హాజరు పట్టీలో ఎన్ని నెలలున్నా అంతే.

పైపుల ఫ్యాబ్రికేషన్‌కు, గల్ఫ్ ఉద్యోగాలకు పెట్టే ట్రేడ్ టెస్టుకు అడిగేది 6జీ అనే వెల్డింగ్ పరీక్ష. పైపును 45 డిగ్రీల వంపులో బిగిస్తారు, తిప్పనివ్వరు. కింద తలపైకి వేసే వెల్డు, పక్కకొచ్చేసరికి నిలువు వెల్డు అవుతుంది. చేయి ఆగకుండా రాడ్డు కోణం మారుతూ ఉండాలి. కరెంటు ఎక్కువైతే వెల్డు పక్కన అంచు తినేస్తుంది, తక్కువైతే స్లాగ్ లోపలే చిక్కుకుంటుంది. ఆ తేడా ముందు చెవికి తెలుస్తుంది, కంటికి తర్వాతే. తర్వాత ముక్క కోసి బెండ్ టెస్టు. వంచిన చోట 3 ఎంఎం మించి నోరు తెరిస్తే ఫెయిల్.

ఇంకొకటి. 7018 రకం రాడ్లను ఓవెన్‌లో సుమారు 350 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో వేడిచేసి, వేడి డబ్బాలో పెట్టి వాడాలి. వానాకాలం ప్యాకెట్ విప్పి బల్లమీద వదిలేస్తే చెమ్మ పీలుస్తాయి. వెల్డులో రంధ్రాలు పడతాయి, హైడ్రోజన్ చేరి పగుళ్లూ వస్తాయి. ఓవెన్ లేని కేంద్రంలో తప్పు తనదో రాడ్డుదో పిల్లాడికి తెలిసే వీలే లేదు.

జీడిమెట్ల_ఫిట్టర్

నా అభ్యంతరం 3.4 శాతం దగ్గరే. చదువు రానివాళ్లకు మంచి పని దొరికిందని దాని అర్థం కాదు. ఖాళీగా కూర్చుంటే పూట గడవదు కాబట్టి దొరికిన కూలికి పోతారు, లెక్కలో ఉపాధి ఉన్నట్టే. డిగ్రీ పిల్లాడికి ఇంట్లో తిండి ఉంది, ఆగగలడు. ఆ అంకెతో చేతిపనికి గిరాకీ ఉందని రుజువు కాదు.

శిక్షణ మనిషిని సిద్ధం చేస్తుంది, ఉద్యోగాన్ని పుట్టించదు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ ద్వారా చేరితే సర్టిఫికెట్ ఉన్న ఫిట్టర్‌కూ హెల్పర్‌కూ రోజుకూలి తేడా నామమాత్రం. అలాంటప్పుడు రెండేళ్లు ఎందుకు నేర్చుకోవాలి అని పిల్లలు అడగడం న్యాయమే.

కొలిమి

3.4 గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని ఎక్కువ చేసి చదివాను. మరి అప్రెంటిస్‌షిప్ సంగతి? 1961 చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండా కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. పిల్లాడికి డబ్బూ వస్తుంది, అసలు మెషీన్ మీద చేయీ తిరుగుతుంది.

రాడ్డు_బూత్

దారి అదే. అయితే అక్కడా కంతలున్నాయి. కాలం పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఏడాది లోడింగ్, ఊడ్చే పని చేయించి, ఒక బ్యాచ్ పోగానే ఇంకో బ్యాచ్‌ను దించే యూనిట్లకు అది చవక కూలీ అవుతుంది. ఏ వారం ఏ మెషీన్ మీద, ఏ జాబ్ చేశాడో లాగ్ బుక్కులో సూపర్‌వైజర్ సంతకంతో ఉండాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ పుస్తకం తెరిచి పిల్లాడి చేత ఒక జాబ్ చేయించి చూడాలి.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు) మార్చే పనికీ ఇదే వర్తిస్తుంది. సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహం కోసేది) రావడం మంచిదే. కూలెంట్ (చల్లబరిచే ద్రవం), టూల్ ఇన్సర్టులు (మార్చే కోత అంచులు), సర్వీసింగ్‌కు ఏటా డబ్బు కేటాయించకపోతే రెండో ఏడాదికి దానిమీద కవర్ కప్పుతారు.

గోదావరి_ఏసీ

ఫ్యాక్టరీల గురించే మాట్లాడుతున్నారు. చిన్న ఊళ్లలో ఏసీ పనికి మూడు నెలలు చాలు, చేతికి పనిముట్లు ఇస్తే. చాలాచోట్ల గొట్టంలోని గాలిని గ్యాస్‌తోనే బయటకు తోసి బిగించేస్తారు. లోపల మిగిలిన చెమ్మ గ్యాస్‌తో, కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లమవుతుంది, పోనుపోను కంప్రెసర్ మోటారు వైండింగ్ కాలిపోతుంది. సరైన పద్ధతిలో ముందు నైట్రోజన్ ఎక్కించి లీక్ చూడాలి, తర్వాత వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, చెమ్మ 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత) కిందికి లాగాలి, ఆ తర్వాతే గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఏసీల్లో వాడే ఆర్32 మండే గ్యాస్, దాని దగ్గర బ్రేజింగ్ (గొట్టాలు అతికే) మంట పెట్టకూడదు.

ఇవన్నీ నేర్పి, పంపు, గేజ్ సెట్, ఫ్లేరింగ్ టూల్ (గొట్టం మూతిని వెడల్పు చేసేది), తూకం మెషీన్ లేకుండా పంపితే పిల్లాడు మళ్లీ గాలి తోసే పద్ధతికే వెళ్తాడు. కేంద్రం పథకం పీఎం విశ్వకర్మలో పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. అవి 18 సంప్రదాయ వృత్తులకే, ఏసీ మెకానిక్ అందులో లేడు. కోర్సు ఫీజు కంటే ముందు ఈ కిట్టుకు డబ్బు పెట్టాలి.

జీడిమెట్ల_ఫిట్టర్

ఏసీ పని విషయంలో ఒప్పుకుంటా, అక్కడ గిరాకీ ఇంటింటికీ ఉంది. ఎండాకాలం నాలుగు నెలలు పోయాక ఆ పిల్లాడు మిగతా ఎనిమిది నెలలు ఏం చేస్తాడు? ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇంటి వైరింగ్ కూడా అదే కోర్సులో కలపగలరా? కలిపితే మూడు నెలలు సరిపోతాయా? గోదావరి గారు గంటల లెక్కతో చెబితే బాగుంటుంది.