హెచ్-ప్రొడక్ట్‌లో ఒకే వస్తువుకు మూడు పరిమాణాలు ఉంటే ధరలను ఎలా గుర్తించాలి?

వస్తువుల వెబ్ పేజీలకు, హెచ్‌టీఎంఎల్ క్లాసు పేర్లతో సమాచారాన్ని యంత్రాలకు గుర్తుపట్టించే మైక్రోఫార్మాట్స్ 2 పద్ధతిలోని హెచ్-ప్రొడక్ట్ (వస్తువు వివరాలను తెలిపే క్లాసు) వాడుతున్నాను. మనిషి చదివే పాఠాన్నే యంత్రమూ చదవగలగడం ఇందులో నాకు ఎంతో నచ్చిన గుణం. అయితే ఒకే వస్తువు మూడు పరిమాణాల్లో, మూడు ధరలకు ఉన్నప్పుడు చిక్కు వస్తోంది. ధరను సూచించే పి-ప్రైస్ క్లాసును మూడుసార్లు రాస్తే, పార్సర్ (పేజీలోంచి ఈ సమాచారాన్ని బయటికి తీసే ప్రోగ్రాం) ఇచ్చే జేసన్ డేటాలో ధరలన్నీ ఒకే వరుసలో చేరుతున్నాయి గానీ ఏ ధర ఏ పరిమాణానిదో తెలియడం లేదు. హెచ్‌టీఎంఎల్‌లోని డేటా ట్యాగులో ధరను వాల్యూగా ఇచ్చి చూశాను. ధర వట్టి అంకెగా వచ్చిందే తప్ప పరిమాణంతో లంకె ఏర్పడలేదు. ప్రతి పరిమాణాన్నీ లోపల మరో హెచ్-ప్రొడక్ట్‌గా రాస్తే, అవి జేసన్‌లోని చిల్డ్రన్ (లోపలి అంశాల) జాబితాలోకి వెళ్లి, పేరూ బొమ్మా లేని విడి వస్తువులుగా మిగులుతున్నాయి. ఇదే పనికి వాడే మరో పద్ధతి అయిన స్కీమా డాట్ ఆర్గ్‌లో ఒక్కో ఆఫర్‌కు దాని ధరను జతచేయవచ్చు, కానీ అదే సమాచారాన్ని జేసన్-ఎల్‌డీలో (యంత్రాల కోసం పేజీలో విడిగా చేర్చే డేటాలో) రెండోసారి రాస్తే, ఒకచోట ధర మార్చి మరోచోట మరచిపోయే ప్రమాదం ఉంది. హెచ్-ప్రొడక్ట్‌ను విడవకుండా ప్రతి ధరనూ దాని పరిమాణంతో ముడిపెట్టాలంటే క్లాసులను ఏ విధంగా అమర్చాలి?