అత్తమ్మ ఊరెళ్లింది, బర్రె పాలు చేపడం లేదు

మాది దేవరకొండ దగ్గర పల్లె. 6 బర్రెలు. పాలు పిండేది ఎప్పుడూ అత్తమ్మే. ఆడబిడ్డ కాన్పుకని ఆదివారం మిర్యాలగూడ వెళ్లారు. ఐదు మామూలుగానే ఇస్తున్నాయి. పెద్ద బర్రె మాత్రం నేను కూర్చోగానే పొదుగు బిగబట్టి తోకతో మొహం మీద కొడుతోంది. పూటకు 4 లీటర్లిచ్చేది, ఇప్పుడు లీటరున్నర! మా ఆయనేమో ఇంజెక్షన్ వేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు: ఇంజెక్షన్ జోలికి పోకండి అక్కా. చేపుకు, అంటే పాలు కిందికి దిగడానికి, కావాల్సిన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ బర్రె ఒంట్లోనే ఊరుతుంది, బెదిరితే ఆగిపోతుంది. ముందు దుడ్డెను కాసేపు తాగనివ్వండి. చేపగానే 5–6 నిమిషాల్లో పిండేయండి. చివరి పాలలోనే వెన్న ఎక్కువ, అవి పొదుగులో మిగిలితే పాల కేంద్రంలో ఫ్యాట్ తగ్గి రేటూ పడిపోతుంది.

జవాబు: అత్తమ్మ విడిచిన చీర చుట్టుకుని కూర్చో బిడ్డా. నవ్వకు, కల్వకుర్తిలో మా అమ్మ అట్లనే చేసేది. మీ అత్తమ్మ పిండేటప్పుడు ఏమన్నా మాట్లాడేదా?

అడిగినావిడ: మాట్లాడడమా! నా మీద చాడీలన్నీ దానికే చెప్పేవారు. ఈ పొద్దున చీర చుట్టుకుని, తవుడు ముందు పెట్టి, దుడ్డెను వదిలా. 3 లీటర్లు దాటింది. చాడీలు మాత్రం ఈసారి అత్తమ్మ మీద.