పబ్బుల్లో సినిమా పాటల బ్యాండ్లు దేని వల్ల నిలబడతాయి?

నాలుగు తీగలు:
జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా చాలా పబ్బులు వారంలో ఒక రాత్రిని తెలుగు సినిమా పాటలకు కేటాయిస్తున్నాయి. వాటిలో వాయించే బ్యాండ్లలో ఒకటి కొద్ది నెలలకే కనుమరుగవుతుంది, మరొకటి దాదాపు అవే పాటలతో ఏళ్ళ తరబడి కొనసాగుతుంది. కారణం పాటల ఎంపికేనని అందరూ అంటారు కాని, బేస్ గిటారు వాయించేవాడిగా నేను ఒప్పుకోను. పాటను నలుగురు వాయించేలా మలుచుకోవడంలోనే అంతా ఉంది. ఇళయరాజా పాటలో వయొలిన్ల బృందం వాయించిన బిట్టును ఒక్క కీబోర్డు మీద యథాతథంగా తేవాలని చూస్తే అది పలచగా వినబడుతుంది. అందులో జనం కూనిరాగం తీసే నాలుగు స్వరాలను మాత్రం గిటారుకిచ్చి, బేస్‌ను రికార్డులో ఉన్నట్లే వాయిస్తే, గాయకుడు నోరు తెరవకముందే పాట ఏమిటో తెలిసిపోతుంది.

పాత ఆర్కెస్ట్రా:
మలుచుకోవడం పేరుతో మీ తరం చేస్తున్నది పాటను నరకడం. పల్లవి, ఒక చరణం పాడి మరో పాటలోకి దూకుతారు. మా రోజుల్లో వినాయక చవితి పందిళ్ళలో శ్రోతలు చీటీలు పంపేవారు. చీటీ వచ్చిన పాటను రెండు చరణాలతో, మధ్య సంగీతంతో సహా పాడకపోతే కింది నుంచి కేకలు వచ్చేవి. రెండో చరణం పాడలేదంటే ఆ పాట మీకు రాదనే అర్థం.

కౌంటర్ వెనక:
మాదాపూర్‌లో ఒక పబ్బు నడిపే బాధ్యత నాది. బ్యాండు బాగుందో లేదో నాకు బిల్లు చెబుతుంది. నలభై నిమిషాలు వాయించి పావుగంట ఆగే బ్యాండు ఉన్న రోజు అమ్మకం బాగుంటుంది, ఎందుకంటే ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది ఆ విరామంలోనే. గోడలకు బదులు అద్దాలు ఉన్న గదిలో డ్రమ్స్ దంచితే వెయిటరు చెవి దగ్గర నోరు పెట్టి అడగవలసి వస్తుంది, దాంతో రెండో రౌండు అడగాలన్న ఆసక్తే ఎవరికీ ఉండదు.

ఇంకొక సంగతి సంగీతకారులు ఎప్పుడూ మరిచిపోతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్సే, వాణిజ్య ప్రాంతంలో 55. 2022లో హైకోర్టు పబ్బుల సంగీతంపై ఆదేశాలిచ్చిన తరువాత ఇరుగుపొరుగువారి ఫిర్యాదులను ఎవరూ తేలికగా తీసుకోవడం లేదు. మా టేబుళ్ళు నిండేది తొమ్మిదికి. అంటే బ్యాండుకు నిండు గది దొరికేది ఒక గంట. ఆ గంటలో తమ ఉత్తమమైన పాటను చివరికి దాచుకునే బ్యాండును నేను మళ్ళీ పిలవను.

కూకట్‌పల్లి శ్రోత:
రెండో చరణం వచ్చేసరికి మా టేబుల్‌లో అందరూ ఫోన్లు తీస్తారు.

పాత ఆర్కెస్ట్రా:
అది చరణం తప్పు కాదు, సాహిత్యం కోసం గాయకుడే తన ఫోన్లోకి చూస్తూ పాడటం వల్ల.

నాలుగు తీగలు:
రెండో చరణాన్ని పక్కన పెట్టండి, దయచేసి. కౌంటర్ వెనక గారు గంట గురించి చెప్పింది నిజమే, కాని ఆ గంట కోసం మేము సాయంత్రం ఐదింటికే సామాను మోసుకొచ్చి, సౌండ్ చెక్ చేసుకుని, ఖాళీ కుర్చీలకు మొదటి సెట్ వాయిస్తాము. ఆ శ్రమకు విలువ కట్టేదెవరు? పైగా మగ గాయకుడి పాటను అమ్మాయి పాడుతుంటే శ్రుతి మార్చాలి, శ్రుతి మారితే గిటారు వాయించే పద్ధతి మారుతుంది, దానికి సాధన కావాలి. బిల్లులో ఇది కనబడదు.

కౌంటర్ వెనక:
సాధన మీ వృత్తి ధర్మం. నేను వంటవాడికి కూరగాయలు తరగడానికి వేరే డబ్బు ఇవ్వను.

అన్నీ వింటాను:
అడగవచ్చో లేదో తెలియదు. 2017లో ఇళయరాజా గారు తన పాటలు పాడవద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికే నోటీసు పంపారు కదా, పబ్బుల్లో పాడేవారికి అనుమతి ఎవరు తీసుకుంటారు?

కౌంటర్ వెనక:
వేదిక నడిపేవారే తీసుకోవాలి. ప్రత్యక్షంగా పాడేటప్పుడు సాహిత్యానికి, స్వరరచనకు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు కావాలి. రికార్డు పెడితే ఆ రికార్డు హక్కులు వేరు. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ పెళ్ళి వేడుకలకు మినహాయింపునిచ్చింది, మాకు ఇవ్వలేదు. ఆ ఖర్చు కూడా బిల్లులోంచే రావాలి.

నాలుగు తీగలు:
బిల్లులోంచి కాదు, మా పేమెంటులోంచి వచ్చింది. ఒక చోట లైసెన్సు పేరు చెప్పి మాకు రావలసిన దాంట్లో కోత పెట్టారు. అదే చోట ఒక బుధవారం రాత్రి వాన పడి జనం రాకపోతే, “మీ స్నేహితులను తీసుకురాలేకపోయారా” అని అడిగి సగమే చేతిలో పెట్టారు. అక్కడ బాగా వాయించామా లేదా అన్న ప్రశ్నే రాలేదు. మీరంతా బ్యాండు విజయం అంటున్నది మా వాట్సాప్‌లో ఎంతమంది పరిచయస్థులు ఉన్నారన్న లెక్కనా?

కౌంటర్ వెనక:
ఇన్ని మాటలు తిప్పి చివరికి అసలు విషయానికి వచ్చారు. అవును, జనాన్ని తేలేని బ్యాండుకు నేనెందుకు డబ్బివ్వాలి? అద్దె, జీతాలు, ఎక్సైజు ఫీజు బుధవారం కూడా ఆగవు. రెండు గంటల సినిమా పాటలు నా స్పీకర్లు కూడా వినిపిస్తాయి.

నాలుగు తీగలు:
అలాగైతే స్పీకర్లనే స్నేహితులను పిలుచుకు రమ్మనండి. జనాన్ని రప్పించడం పబ్బు పని, వచ్చినవారిని కూర్చోబెట్టడం బ్యాండు పని. కొత్త బ్యాండుకు వరుసగా ఆరు వారాలు ఒకే రోజు ఇవ్వండి, ముందుగా కాగితం మీద రాసిన మొత్తం ఇవ్వండి. అప్పుడు ఏడో వారం వచ్చేవారు మా చుట్టాలో, మీ ఖాతాదారులో తేలుతుంది. వారానికొక బ్యాండును మార్చే చోట ఏ బ్యాండూ నిలబడదు.

కూకట్‌పల్లి శ్రోత:
మేము వెళ్ళేది బ్యాండు పేరు చూసి కాదు, “గురువారం అక్కడ పాత పాటలు” అన్న గుర్తుతో. ఎవరు వాయించారో మాకు సరిగ్గా తెలియదు కూడా.

పాత ఆర్కెస్ట్రా:
ఈ ఒక్క విషయంలో కుర్రవాడి పక్షం నేను. బయానా పుచ్చుకోకుండా మేము వ్యానులో వాద్యాలు ఎక్కించేవాళ్ళం కాదు. బయానా ఇచ్చినవారే రిక్షాకు మైకు కట్టి ఊరంతా చాటించి జనాన్ని పిలుచుకునేవారు. వాన పడితే నష్టం కమిటీది. అయినా రెండో చరణం పాడవలసిందే.

కౌంటర్ వెనక:
పందిరికి చందాలు వచ్చేవి, పైగా ఏడాదికి తొమ్మిది రాత్రులే. నాది ఏడాది పొడవునా నడవాలి. ఆరు వారాలు ఇవ్వను. మూడు వారాలు, రాసిన మొత్తం, తొమ్మిది నుంచి పది దాకా విరామం లేకుండా ఒకే సెట్.

నాలుగు తీగలు:
విరామంలోనే ఆర్డర్లు వస్తాయని రాసింది మీరే కదా?