మేనల్లుడి స్పీడు, బావమరిది పేరున చలాను: ఇప్పుడేం చెయ్యాలి?

బరంపురం బట్టల కొట్టు:
అందరికీ నమస్కారం. నాలుగేళ్ల కిందట ఇచ్ఛాపురంలో మా బావమరిది దగ్గర కారు కొన్నాను. డబ్బులిచ్చేశాను గానీ ఆర్సీ ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది, ఏపీ 39 నంబరు. ఇంట్లోవాళ్లమే కదా అని ఊరుకున్నాను.

పోయిన సంక్రాంతికి డాలస్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. తిరుగు ప్రయాణానికి వాణ్ని భువనేశ్వర్లో విమానం ఎక్కించాలి. ఛత్రపురం దాటాక "మావయ్యా, కాసేపు నేను తోల్తాను" అన్నాడు. ఇచ్చాను. ఇండికేటరు వెయ్యబోతే వైపర్లు తిరిగేవి, అదో నవ్వు. రంభ దాటి చిలికా కనపడేసరికి వాడికి హుషారొచ్చింది. నేను వెనక్కి తిరిగి మా అక్కతో కబుర్లలో ఉన్నాను, మీటరు చూడలేదు.

మొన్న బండిని ఒడిశాకి మార్చి నా పేరున పెట్టుకుందామని ఎన్ఓసీకి (ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితానికి) అప్లై చేస్తే పెండింగు చలాను ఉందని ఆగిపోయింది. తీసి చూస్తే ఫొటోతో సహా ఉంది. 80 లిమిటున్నచోట 103 స్పీడు. వెయ్యి రూపాయలు. మెసేజి నాకూ రాలేదు, బావమరిదికీ రాలేదు.

"నడిపినవాడి పేరు రాయించండి బావా, నా పేరు మీద మచ్చెందుకు" అంటాడు అతను. "వెయ్యి రూపాయలకి నా తమ్ముడితో తగువా, కట్టి పడెయ్యండి" అంటుంది మా ఆవిడ. మేనల్లుడి దగ్గర టెక్సస్ లైసెన్సుంది, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోలేదు. వాడి పేరు రాస్తే ఏమవుతుంది? అసలు ఆంధ్రా బండ్లనే చూసి కొడుతున్నారా వీళ్లు?

రాయగడ లారీ:
కెమెరాకి ఆంధ్రా, ఒడిశా తెలీదండీ, నంబరు ప్లేటే తెలుసు. నావి ఒడిశావే, ఓడీ 18 బండ్లే, నాకూ పడ్డాయి. ఇదివరకు పోలీసాయన లైసెన్సు లాక్కుంటేనే భయం, సరిహద్దులో గిరిసోల గేటు దాటి ఇచ్ఛాపురంలో పడితే ఎవడూ అడిగేవాడు కాదు. ఇప్పుడు మీ నంబరు కొడితే వాహన్లో, అదే బండ్ల సర్కారీ రిజిస్టర్లో, ఓనరు పేరు ఎక్కడున్నా వచ్చేస్తుంది. మీకు వెయ్యితో పోయింది. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత కారుకి వెయ్యి నుంచి 2 వేలు, మాలాంటి పెద్ద బండ్లకి 2 వేల నుంచి 4 వేలు. మా లారీలకి స్పీడు గవర్నరు (వేగం మించకుండా ఆపే పరికరం) 80 దగ్గర పట్టేస్తుంది కాబట్టి బతికిపోతున్నాం. కట్టేసి ఎన్ఓసీ తెచ్చుకోండి.

పర్లాకిమిడి రిటైర్డు గుమాస్తా:
లారీ బాబు చెప్పింది సబబే గానీ, కట్టేముందు రెండు చూడండి. కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ రూల్లో రెండు ముక్కలున్నాయి. ఒకటి, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. రెండు, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. అయితే మెసేజి మీకు అందలేదంటే వాళ్లు పంపలేదని కాదు. ఆర్సీలో మీ బావమరిది ఏ ఫోన్ నంబరు ఇచ్చారో అడగండి. సిమ్ము మార్చేసి ఉంటే తప్పు అటువైపే.

ఇక పేరు సంగతి. నడిపిందెవరని పోలీసు అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఓనరుదే, 133వ సెక్షను. నడపనివాళ్ల పేరు మాత్రం రాయించకండి. కానీ అమెరికా లైసెన్సు ఒక్కటే ఇక్కడ చాలదు, దానితో పాటు 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే ఆ ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. అది లేకపోతే స్పీడు వెయ్యి పక్కన పెట్టండి, లైసెన్సు లేకుండా నడిపినందుకు అబ్బాయికి 5 వేలు, బండి అప్పగించినందుకు 180వ సెక్షను కింద ఇంకో 5 వేలు. రెండోది బావమరిదికే రానక్కర్లేదు, బండి చేతిలో ఉన్నది మీరు గనక మీకే తగలొచ్చు! ఆ దారిలో యాక్సిడెంటేదైనా అయుంటే ఇన్సూరెన్సు వాళ్లు ఏమనేవారో అదీ ఆలోచించుకోండి.

ఇంతకీ ఆ అబ్బాయి అమెరికా వెళ్లకముందు ఇక్కడ లైసెన్సు తీశాడా? పాత రూల్లో కుర్రాళ్లకి 20 ఏళ్ల గడువిచ్చేవారు, అదింకా చెల్లితే పర్మిట్ గొడవే లేదు.

ఇంకో మాట, అడగలేదు గానీ చెప్తున్నా. వేరే రాష్ట్రపు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే రిజిస్ట్రేషను మార్చుకోవాలి. మీరు నాలుగేళ్లు తిప్పారు.

రాయగడ లారీ:
గుమాస్తాగారు పెట్టిన చివరి పోటు చూడండి, చలాను కంటే పెద్దది.

బరంపురం బట్టల కొట్టు:
మా అక్క పెట్టె అడుగున వెతికితే దొరికింది! వాడి ఇంజినీరింగు రోజుల లైసెన్సు, 2011లో తీశాడు, 2031 దాకా గడువుంది. ప్రాణం లేచొచ్చింది.

కట్టబోతే ఒక చిక్కు. చలాను అప్పటికే కోర్టుకి వెళ్లిపోయిందని చూపిస్తోంది, పరివాహన్ (రవాణా శాఖ సైటు) లో డబ్బు తీసుకోవటం లేదు. ఈలోగా వాట్సాప్లో "మీ చలాను ఇక్కడ కట్టండి" అని ఒక ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వచ్చింది. నొక్కనా?

పర్లాకిమిడి రిటైర్డు గుమాస్తా:
నొక్కితే ఖాతా ఖాళీ. చలాను కట్టడానికి ఏ ఆఫీసూ వాట్సాప్లో యాప్ పంపదు. కోర్టుకెళ్లిన చలాన్లు ఆన్‌లైన్లో కట్టే వర్చువల్ కోర్టు సైటుకి వెళ్లి ముందు ఒడిశా ఎంచుకోండి, బండి ఆంధ్రాది కదా అని ఆంధ్రా నొక్కితే ఏమీ కనపడదు. అడ్రసు చివర గవ్.ఇన్ ఉందో లేదో చూసుకోండి. కట్టిన రసీదు దాచండి, వాహన్లో చలాను తీసెయ్యడానికి కొన్ని రోజులు పట్టొచ్చు.

బరంపురం బట్టల కొట్టు:
కట్టేశాను. ఎవరి పేరూ రాయించలేదు, ఎవరూ అడగలేదు కూడా. మేనల్లుడికి ఫోన్ చేసి చెప్తే "సారీ మావయ్యా, వంద పంపిస్తా" అన్నాడు. రూపాయలో డాలర్లో చెప్పలేదు. బావమరిది ఆర్సీలో ఉన్నది మూడు సిమ్ముల కిందటి నంబరట, దాన్ని మార్చుకోవడానికి రేపు వెళ్తున్నాడు.