ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఫొటోలు: సముద్రం మీద ఆరెంజ్ ఎందుకు రావట్లేదు?

కిట్‌లెన్స్ కుర్రోడు:
అందరికీ నమస్తే. ఎనిమిది నెలల కింద సెకండ్‌హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ కొన్నాను, 24 మెగాపిక్సెల్, దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ తప్ప వేరే లెన్స్ లేదు, ట్రైపాడ్ చవకది, కొంచెం గాలొస్తే ఊగుతుంది. విషయం ఏంటంటే మా అక్కావాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నారు, మాఘమాసంలో గృహప్రవేశం, హాల్లో పెట్టుకోడానికి వైజాగ్ బీచ్ సాయంత్రం ఫొటో ఒకటి పెద్దగా ప్రింట్ వేయించి ఇద్దామని నా ప్లాన్. 24 ఇంటూ 36 అంగుళాలు అనుకుంటున్నా.

ఈ నెలలో నాలుగు సాయంత్రాలు వెళ్ళాను. ఉదయం షిఫ్ట్ నాది, రెండింటికి దిగి ఇంటికొచ్చి తిని ఓ కునుకు తీసి బీచ్‌రోడ్డుకి వెళ్ళేసరికి అయిదు నలభై, పావు తక్కువ ఆరు అవుతుంది. వెళ్ళిన ప్రతిసారీ ఒకటే కథ, సముద్రం బూడిద రంగు, ఆకాశం ఇంకో బూడిద రంగు, మధ్యలో గీత కూడా సరిగ్గా కనపడదు, రోడ్డు వైపు తిరిగితే లైట్లన్నీ తెల్లటి ముద్దలు, జూమ్ చేస్తే అంతా షేక్. మే నెలలో ఇదే టైముకి ఇదే చోట ఫోన్‌తో తీసినవే నయంగా ఉన్నాయి! ఆరెంజ్ ఫిల్టర్ కొనాలా, వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) క్లౌడీ పెట్టాలా, లేకపోతే ఈ లెన్స్‌తో అవ్వదా? తిట్టినా పర్లేదు గానీ కొంచెం వివరంగా తిట్టండి.

మిరపకాయ బజ్జీ:
తమ్ముడూ, మనది తూర్పు తీరం. సూర్యుడు పడమట కుంగుతాడు. నువ్వు నిలబడి చూస్తున్న వైపు నుంచి ఆయన పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయాడు. సముద్రం మీద ఆరెంజ్ కావాలంటే తెల్లారి రా 😄

కిట్‌లెన్స్ కుర్రోడు:
అన్నా నిజం చెప్తున్నా, నాకు ఈ ముక్క తట్టలేదు. ఇన్‌స్టాలో సన్‌సెట్ బీచ్ అని చూసీ చూసీ అన్ని సముద్రాలూ అలాగే ఉంటాయనుకున్నా, అవన్నీ గోవా, కేరళ వాళ్ళవి కాబోలు. తెల్లారి మాత్రం కుదరదు, ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి, వీక్లీ ఆఫ్ రోజు లేవమంటే ఆ ఒక్కరోజూ నిద్ర పోతుంది.

బీచ్‌రోడ్ బాబాయ్:
ఫిల్టర్ కొనకు, డబ్బులు దండగ. నీ లెన్స్‌కి ఏ రోగమూ లేదు, నువ్వు వెళ్ళే టైమే తప్పు.

వైజాగ్‌లో జూలై మొదట్లో సూర్యాస్తమయం సుమారు 6:35కి, ఈ నవంబర్ చివర్లో 5:20కి. అంటే గంటంపావు తేడా. అస్తమించాక వెలుగు మిగిలుండేది మన దగ్గర ఇరవై రెండు ఇరవై నాలుగు నిమిషాలే, అంటే నువ్వు బండి స్టాండ్ వేసి ట్రైపాడ్ కాళ్ళు విప్పేసరికి సినిమా అయిపోయి టైటిల్స్ పడుతున్నాయి. మేలో అదే టైముకి ఇంకా ఎండ ఉంది కాబట్టి ఫోన్‌కి కూడా బాగా వచ్చింది, అంతే. కాబట్టి ముందు ఆ కునుకు మానెయ్, అయిదింటికల్లా అక్కడ ఉండు.

ఇంక రెండోది. సూర్యుడు వెనకాల ఉన్నాడని సముద్రం వైపు ఏమీ ఉండదనుకోకు, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. అస్తమించిన అయిదారు నిమిషాలకి తూర్పున నీళ్ళకి ఆనుకుని ముదురు నీలం బూడిద కలిసిన పట్టీ ఒకటి లేస్తుంది, దాని మీద లేత గులాబీ పట్టీ. కింది పట్టీ మన భూమి నీడే, గాలి మీద పడి కనపడుతుంది. పైన గులాబీదాన్ని బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. ఆకాశం తేటగా ఉంటేనే కనపడుతుంది, పది పదిహేను నిమిషాలు ఉండి పైకి పోయి చెరిగిపోతుంది. నేను వైజాగ్‌లో పుట్టి పెరిగి ముప్పై ఏళ్ళొచ్చేదాకా దాన్ని చూడనేలేదు, చూడలేదంటే రోజూ ఎదురుగానే ఉంది, గమనించలేదు. ఆ టైములో అల వెనక్కి వెళ్ళేటప్పుడు తడి ఇసక అద్దంలా ఉంటుంది, గులాబీ మొత్తం అందులో దిగుతుంది, ఆ రెండు సెకన్లే షాట్. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ కూడా ఆ గులాబీ ముందు నల్లగా నిలబడితే బావుంటుంది, రోడ్డు మీంచి కాకుండా ఇసకలోకి దిగి పక్కనుంచి చూడు. 91 మీటర్ల పొడుగు, నీ లెన్స్ అన్నిటికంటే వెడల్పుగా చూసే 18 ఎంఎంలో కూడా పట్టించాలంటే బాగా దూరం వెళ్ళాలి.

సెటింగ్స్ అడగలేదు గానీ చెప్తా. రా (RAW) ఫైల్‌లో తియ్యి, అంటే కెమెరా తన సొంత మార్పులు చెయ్యకుండా దాచే ఫైల్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే కెమెరా ఆ నీలాన్ని తప్పనుకుని సరిదిద్దేస్తుంది, 4000 కెల్విన్ చుట్టుపక్కల పెట్టి తర్వాత కంప్యూటర్‌లో సర్దుకో. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్ (లెన్స్ కంత సైజు) 8, మాన్యువల్ మోడ్, షట్టర్ మాత్రం రెండు నిమిషాలకోసారి పెంచుకుంటూ పోవాలి, ఎందుకంటే వెలుగు పరిగెడుతుంది. అల పాదాలు లాగినట్టు గీతలుగా రావాలంటే అర సెకను నుంచి ఒక సెకను. పదిహేను సెకన్లు పెడితే నీళ్ళు పొగలా అయిపోతాయి, కొందరికి నచ్చుతుంది, నాకు అది సముద్రంలా అనిపించదు. లెన్స్ మీద స్టెబిలైజర్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్ ఆన్, వేలితో నొక్కిన అదురు పోతుంది. నీ షేక్‌లో సగం అదే అయ్యుంటుంది.

పెద్ద జాలారిపేట:
బాబాయ్ గారు బాగానే సెప్పారు గానీ ఒక మాట మర్సిపోయారు. ఇసకలో టైపాడ్ నిలబెట్టినాక కాళ్ళు కిందకి దిగిపోతాయి బాబూ, అల వొచ్చి ఎల్లిన ప్రతిసారీ ఇంకొంచెం దిగుద్ది. ముందే బలంగా గుచ్చి, రెండు అలలు పోనిచ్చి, అప్పుడు ఫొటో తీసుకో. బేగ్‌ని టైపాడ్ మజ్జిలో ఏలాడదీస్తే గాలికి ఊగదు.

ఇంకోటి, ఈ సముద్రానికి ఈపు సూపించకు. మా తాత ముత్తాతల కాడ్నించీ ఏటకెల్లేవోళ్ళం, మేమే సూపించం. ఆర్కే బీచ్ కాడ ఒడ్డు సట్టున లోతుకి దిగిపోద్ది, పున్నమి అమాసలకి పోటు ఎక్కువుంటాది. ప్రతి ఏడూ ఎవుడో ఒకడు పోతానే ఉంటాడు, సెల్ఫీ అని ఎల్లినోడే. ఫొటో కళ్ళు కెమెరాలో ఉంటే కాళ్ళ కింద ఏటవుతుందో తెలీదు గదా.

షికాగో తెలుగోడు:
మాది ద్వారకానగర్, పన్నెండేళ్ళుగా షికాగోలో ఉంటున్నా. ఈ థ్రెడ్ చూసి నవ్వొచ్చింది ఎందుకంటే ఇక్కడా సేమ్ ప్రాబ్లం, లేక్ మిషిగన్ ఊరికి తూర్పున ఉంది, కొత్తగా వచ్చినోడు ప్రతివాడూ సాయంత్రం లేక్ వైపు కెమెరా పెట్టి బూడిద తీసుకుని ఇంటికెళ్తాడు. ఇక్కడ అందరూ చేసేది ఏంటంటే, యాడ్లర్ ప్లానెటేరియం అని నీళ్ళలోకి పొడుచుకొచ్చిన చోట ఒకటుంది, అక్కడి దాకా నడిచి వెళ్ళి వెనక్కి తిరిగి ఊరిని తీస్తారు. బిల్డింగుల వెనకాల ఆరెంజ్, ముందు నీళ్ళలో లైట్లు.

వైజాగ్‌లో దానికి సరిపోయేది తెన్నేటి పార్క్. కైలాసగిరి కింద, తీరం వంపు తిరిగే చోట. అక్కణ్ణుంచి నైరుతికి చూస్తే బీచ్‌రోడ్డు లైట్లు విల్లులా వంగి ఊళ్ళోకి పోతాయి, చివర్న డాల్ఫిన్స్ నోస్ కొండ. శీతాకాలంలో సూర్యుడు కూడా నైరుతి వైపు జరిగి దిగుతాడు కాబట్టి ఆ ఆరెంజ్ సరిగ్గా ఊరి వెనకాల పడుతుంది. మే జూన్‌లో వెళ్తే అంత రాదు, సూర్యుడు బాగా కుడికి జరిగిపోయి కొండల వెనకాల దిగుతాడు. సో నీకు ఇదే సీజన్. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది చూడండి, పేరు 'ఎంవీ మా', అది ఆగింది అక్కడే, అప్పుడు నేను ఊళ్ళో లేను, ఇప్పటికీ ఏడుపొస్తుంది ఆ ఫ్రేమ్ మిస్సయినందుకు.

ఒక తేడా మాత్రం ఉంది, మాకు ఇక్కడ అస్తమించాక అరగంట దాకా వెలుగుంటుంది, భూమధ్యరేఖకి మీరు దగ్గర కాబట్టి సూర్యుడు మీకు నిట్టనిలువుగా పడిపోతాడు. బాబాయ్ గారు చెప్పినట్టు అక్కడ పరిగెత్తాలి.

మిరపకాయ బజ్జీ:
డాల్ఫిన్స్ నోస్ అన్నారు కాబట్టి, అది నేవీ ఏరియా. దూరం నుంచి ఫ్రేమ్‌లో కొండ వస్తే ఎవరూ ఏమీ అనరు గానీ, జూమ్ లెన్స్ తెచ్చి హార్బర్ వైపు నేవీ షిప్పులు తీస్తా అంటే మాత్రం కూర్చోబెట్టి మర్యాదలు చేస్తారు. డ్రోన్ మాటే ఎత్తొద్దు, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే కేసే. మా ఫ్రెండ్ ఒకడు పెళ్ళి షూట్‌కి తెచ్చి, బ్యాగ్‌లోంచి తీసినోడు తీసినట్టే మళ్ళీ లోపల పెట్టాడు.

కిట్‌లెన్స్ కుర్రోడు:
అమ్మో, డ్రోన్ కొనే సీన్ నాకు లేదన్నా. తెన్నేటి పార్క్ ఫిక్స్. రెండు డౌట్లు. లైట్లు తెల్లటి ముద్దలు అవ్వకుండా ఎలా? ఇంకోటి, ఫ్రేమ్‌లో చంద్రుడు కూడా ఉంటే బావుంటుంది కదా, మొన్న కార్తీక పున్నమికి జనం దీపాలు వదుల్తుంటే చూస్తూ నిలబడిపోయా, చంద్రుడు కనిపించేసరికి మొత్తం చీకటి, తీస్తే టార్చిలైట్‌లా వచ్చాడు.

బీచ్‌రోడ్ బాబాయ్:
లైట్ల సంగతి: చీకటి పడ్డాక తీస్తున్నావు కాబట్టి ముద్దలు. ఆకాశం వెలుగూ వీధిలైట్ల వెలుగూ సమానమయ్యే అయిదారు నిమిషాలు ఉంటాయి, అస్తమించిన పావుగంట తర్వాత దాదాపు. అప్పుడు తీస్తే రెండూ దొరుకుతాయి. ఇంకా భయమైతే ఒకే ఫ్రేమ్ మూడుసార్లు, మొదటిది రెండు స్టాపులు తక్కువ (ఒక స్టాపంటే వెలుగు సగమో రెట్టింపో), రెండోది మామూలు, మూడోది రెండు స్టాపులు ఎక్కువ తీసిపెట్టుకో. ఎఫ్ 11 పెడితే దీపాలకి నక్షత్రంలా కోణాలొస్తాయి. హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధిలైట్లు ఎల్ఈడీలు చేసేశారు కదా, అంతకుముందు సోడియం పసుపు ఉండేది, నీలం ఆకాశం కింద ఆ పసుపు అందమే వేరు, సర్లే ఇప్పుడనుకుని లాభం లేదు.

చంద్రుడికి పున్నమి రోజు కాదు, చతుర్దశి నాడు వెళ్ళు. పున్నమికి సూర్యుడు దిగే టైముకి అటూ ఇటూగా చంద్రుడు లేస్తాడు, మబ్బులో పొగలో పడి పైకి తేలేసరికి చీకటే. ముందురోజు సుమారు యాభై నిమిషాలు ముందే వస్తాడు, సూర్యుడు దిగేసరికి జానెడు పైన ఉంటాడు, ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది కాబట్టి చంద్రుడి మొహం తెల్లగా పేలిపోదు. ఆశ మాత్రం పెట్టుకోకు, 55 ఎంఎంలో చంద్రుడు బియ్యపుగింజంతే. నీళ్ళ మీద వెన్నెల దారి పడుతుంది చూడు, అది తీసుకో. పైగా తెన్నేటి పార్క్ నుంచి ఊరు ఒక వైపు, చంద్రుడు ఇంకో వైపు, రెండూ ఒక ఫ్రేమ్‌లో రావు, అటొకటి ఇటొకటి తీసుకోవాల్సిందే.

కిట్‌లెన్స్ కుర్రోడు:
అప్‌డేట్. మార్గశిర చతుర్దశి నాడు వెళ్ళొచ్చా, కునుకు లేకుండా 😅 నాలుగున్నరకే తెన్నేటి పార్క్‌లో ఉన్నా. మొదటి ఇరవై ఫొటోలు మసక, నా చెయ్యే అనుకుని తిట్టుకున్నా, తీరా చూస్తే లెన్స్ మీద ఉప్పు తుంపర సన్నగా పొరలా పట్టేసింది. పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా అలికినట్టయింది, బాటిల్ నీళ్ళతో గుడ్డ తడిపి తుడిచాక పోయింది. ఈలోపు సూర్యుడు దిగిపోయాడు, గుండె ఆగింది. కానీ అసలు రంగు ఆ తర్వాతే వచ్చింది! 5:36కి తీసింది ఫైనల్ చేశా, ఎఫ్ 8, నాలుగు సెకన్లు, ఐఎస్ఓ 100. ఊరి వెనకాల నారింజ గీత, పైన నీలం, నీళ్ళలో లైట్లు సాగి ఉన్నాయి, డాల్ఫిన్స్ నోస్ నల్లగా. దూరంగా లంగరేసిన ఓడలు రెండు కూడా పడ్డాయి, అవి నేను చూసుకోలేదు. ట్రైపాడ్‌కి బ్యాగ్ వేలాడదీశా, ఊగలేదు, జాలారిపేట అన్నకి థాంక్స్. చంద్రుడివి కూడా తీశా, నిజంగా బియ్యపుగింజే.

ఒక్క డౌట్, 24 మెగాపిక్సెల్ ఫైల్ 36 అంగుళాలకి సాగదీస్తే పగులుతుందా? షాపువాడు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లేకపోతే వెయ్యనంటున్నాడు.

షికాగో తెలుగోడు:
నీ ఫైల్ పొడుగు వైపు 6000 పిక్సెళ్ళు, వాటిని 36తో భాగించు, అంగుళానికి 166 వస్తుంది. 300 అనేది చేతిలో పట్టుకు చూసే ఆల్బం లెక్క. హాల్లో గోడ మీద ఆరేడు అడుగుల దూరం నుంచి చూసేదానికి 166 హాయిగా సరిపోతుంది. పైగా నీ కెమెరా ఫ్రేమ్, ఆ ప్రింట్ సైజు రెండూ 3:2నే, అంచులు కొయ్యక్కర్లేదు. ముందు ఒక మూల ముక్క చిన్న కాయితం మీద అదే సైజులో వేయించి చూసుకో, వాడితో వాదన అనవసరం. మ్యాట్ పేపర్ అడుగు, గ్లాసీ అయితే హాల్లో ట్యూబ్‌లైటు అందులో కనపడుతుంది.

పెద్ద జాలారిపేట:
ఫొటో సూసినాను. ఎడం పక్క సివర దీపాల్లో ఒకటి మా ఈది మలుపు కాడిది, నాకు తెలిసిపోయింది. అక్కకి సెప్పు.

కిట్‌లెన్స్ కుర్రోడు:
చెప్పా అన్నా. ముందు వాట్సాప్‌లో పంపా. అయిదు నిమిషాలు చూసి ఫోన్ చేసి "చాలా బావుందిరా, ఇందులో సూర్యుడేడి?" అంది.

మిరపకాయ బజ్జీ:
తెల్లారి రమ్మన్నానా లేదా 😄